గండి పూడ్చే చేతికే గండి

నిజామాబాద్ జిల్లా మోస్రాలో రేషన్ దుకాణం. పుష్యమాసం పొద్దు, చలి ఇంకా వదల్లేదు. వరుసలో నా ముందున్న పెద్దమ్మ యంత్రం మీద బొటనవేలు పెట్టింది. పట్టలేదు. కొంగుకు తుడుచుకొని మళ్లీ పెట్టింది. పట్టలేదు. చూపుడువేలు పెట్టింది, నడిమివేలు పెట్టింది, చెయ్యి మార్చి చూసింది.

“వేలు వడ్తలేదు పెద్దమ్మా, ఇంకోటి పెట్టు.”

“పన్నెండు దినాల సంది నాట్లల్లనే ఉన్న బిడ్డా. ఎట్ల వడ్తది?”

అరచెయ్యి తిప్పి చూపింది. బొటనవేలి పక్కన నిలువునా రెండు పగుళ్లు, లోపల ఎర్రగా. గోళ్ల చుట్టూ బురద నలుపు ఇంకిపోయి ఉంది. వేలికొసన ఉండాల్సిన సన్నటి గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. ఎండి, అరిగిన వేలిని యంత్రం సరిగా చదవలేదు. చివరికి కనుపాప చూపించి బియ్యం తీసుకుంది. సంచి మూతికి ముడి వెయ్యమని మాత్రం నన్ను పిలిచింది. సుతిలి తాడు పగులులో దిగితే ప్రాణం పోతుందట.

“రాత్రిపూట నూనె రాస్తలేవా?” అని అడిగాను.

“పిల్లల కాళ్లకు రాస్త. మనకెందుకు బిడ్డా?”

“మనకెందుకు” అన్న ఆ ఒక్క మాట గురించే ఈ వ్యాసం. చేతులు పగలడానికి చలి ఒక కారణం, బురద ఒక కారణం, సబ్బు ఒక కారణం. పగిలిన చేతులు మానకపోవడానికి మాత్రం చాలా ఇళ్లలో ఒకటే కారణం: మనకెందుకులే అనుకోవడం.

అదే పెద్దమ్మ పొలంలో ఎట్లా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. ఒడ్డుకు ఎలుక బొక్క పెట్టి మడిలో నీళ్లు పోతుంటే ఒక్క నిమిషం ఆగుతుందా? చేతిలో నారు కట్ట పక్కన పడేసి, గుప్పెడు బురద తీసి, బొక్కలో కూరి, పైన కాలితో తొక్కి గాని కదలదు. చిన్న బొక్కే కదా అనదు. పొద్దుగూకేసరికి అది గండి అవుతుందని ఆమెకు తెలుసు. చేతి పగులు కూడా అచ్చంగా అట్లాంటిదే. అందులోంచి తడి పోతుంది, మురికి లోపలికి వస్తుంది, రోజురోజుకూ లోతవుతుంది. మడికి చూపించిన ఆ బాధ్యత చేతికీ చూపించండి. నేను అడిగేది అంతే.

ఈ నేల చేతుల మీద రాసే రాత

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లతో వర్ని, మోస్రా, రుద్రూరు, బోధన్ పొలాలు రెండు పంటలకు అలవాటు పడ్డాయి. వానాకాలం నాట్లు వెచ్చటి బురదలో పడతాయి. యాసంగి నాట్లు మాత్రం డిసెంబరు, జనవరి చలిలో పడతాయి. పొద్దున్నే చల్లటి నీళ్లలో చెయ్యి పెడితే సాయంత్రం దాకా తడిలోనే. ఒడ్డెక్కగానే ఎండుగాలి. నానడం, ఎండడం, మళ్లీ నానడం. చర్మానికి ఇంతకన్నా పెద్ద పరీక్ష లేదు.

బోధన్ శక్కర్ నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీతో పాటు ఈ చుట్టుపక్కల చెరుకూ తగ్గింది, వరి పెరిగింది. చెరుకు ఆకు అంచు రంపంలా కోస్తుందని నరికిన వాళ్లందరికీ తెలుసు. ఆ కోతలు తగ్గి, బురద తడి ఎక్కువైంది. చేతికి కష్టం మారింది గాని పోలేదు.

పొలానికి వెళ్లని ఆడవాళ్ల చేతులు సుఖంగా ఉన్నాయా? నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఇళ్లు లెక్కలేనన్ని. తునికాకు నానబెట్టాలి, తడి గుడ్డలో చుట్టి ఉంచాలి, కత్తెరతో కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, గోటితో అంచు మడవాలి. తడి ఆకు, పొడి తంబాకు, మళ్లీ తడి ఆకు. అవే వేలికొసలు రోజంతా రాచుకుంటూనే ఉంటాయి. ఆ పని అయ్యాక గిన్నెలు, బట్టలు, సర్ఫు నీళ్లు.

పంటకు తెగులొస్తే అడగడానికి పక్కనే రుద్రూరులో చెరుకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. చేతికి తెగులొస్తే మొదట చూసుకోవాల్సింది మీరే.

నీళ్లలో నానిన చెయ్యి ఎండుడేంది?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. రోజంతా నీళ్లలోనే ఉంటే చేతులు మెత్తగా ఉండాలి కదా? జవాబు అర్థమైతే సగం వైద్యం అయినట్టే.

మన ఒంటి మీద దాదాపు అంతటా చర్మానికి సొంతంగా నూనె ఊరే గ్రంథులు ఉన్నాయి. అరచేతుల్లో, అరికాళ్లలో లేవు. చెమట ఊరుతుంది గాని నూనె ఊరదు. ముఖం తనను తాను కాస్త కాపాడుకుంటుంది. అరచెయ్యి పూర్తిగా మీ మీద ఆధారపడి ఉంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

చర్మం పై పొర ఇటుకలు పేర్చిన గోడ లాంటిది. ఇటుకల మధ్య అడుసులాగా కొవ్వు పదార్థాలు ఉంటాయి. సబ్బు, సర్ఫు, గిన్నెల బిళ్ల ఆ అడుసును కరిగించి పట్టుకుపోతాయి. చర్మం స్వభావం కొంచెం పులుపు వైపు ఉంటుంది, పీహెచ్ సుమారు 5. మామూలు సబ్బు బిళ్లలు 9 నుంచి 10 దాకా ఉంటాయి. అడుసు పోయాక గోడలో తడి నిలవదు. లోపలికి ఎన్ని నీళ్లు పోయినా చెయ్యి ఆరేటప్పుడు అవి ఆవిరై పోతాయి, ఉన్న కాస్త తడినీ వెంట తీసుకుపోతాయి. ఒడ్డు లేని మడిలో నీళ్లు పెట్టినట్టే.

అయితే నూనె ఒక్కటే రాస్తే చాలా? చాలదు. అమెరికాలో ఇర్విన్ బ్లాంక్ అనే శాస్త్రవేత్త 1952లో ఒక సంగతి తేల్చి చెప్పాడు. కాయ కాసి గట్టిపడిన చర్మం ముక్కలను నూనెల్లో, కొవ్వుల్లో నానబెట్టి చూస్తే అవి పెళుసుగానే ఉండిపోయాయి. నీళ్లు తగిలితేనే మెత్తబడ్డాయి. అంటే చర్మాన్ని మెత్తబరిచేది నీరు. నూనె చేసే పని ఆ నీటిని లోపల ఆపడం. తడి ముందు, నూనె వెంటనే. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైన క్రీమైనా దండగే.

డిచ్‌పల్లి దగ్గర నేర్చుకోవాల్సిన పాఠం

నిజామాబాద్ నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటే డిచ్‌పల్లి వస్తుంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో అక్కడ కుష్ఠు ఆస్పత్రి తెరిచారు. ఆ కాలంలో ఆ జబ్బున్న మనిషిని ఊరి బయట పెట్టేవాళ్లు. రాజా నర్సాగౌడ్ అనే స్థానిక దాత ఆ ఆస్పత్రి కోసం ఆస్తి ఇచ్చారు. మనుషులు తాకడానికి భయపడిన చేతులను పట్టుకొని చూసిన చోటు అది.

పగిలిన చేతులకు, ఆ జబ్బుకు సంబంధం ఏమిటంటారా? కుష్ఠు నరాలను దెబ్బతీస్తుంది. చెమట పట్టించే నరం పోతే అరచెయ్యి ఎండుతుంది. ఎండితే పగులుతుంది. నొప్పి తెలిపే నరం కూడా పోయింది గనుక పగిలిన సంగతి మనిషికి తెలియదు. తెలియక పని చేస్తూనే ఉంటాడు. పుండు పడుతుంది, ఎముకదాకా పోతుంది. వేళ్లు పోవడానికి అసలు దారి ఇదే. ఈ రోజు మందులతో కుష్ఠు పూర్తిగా నయమవుతుంది. చచ్చిపోయిన నరం మాత్రం అన్నిసార్లూ తిరిగి రాదు. అందుకే ఆ రోగులకు వైద్య సిబ్బంది రోజూ చేసుకొమ్మని నేర్పే పద్ధతి ఒకటి ఉంది: మామూలు చల్లటి నీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు చేతులు నానబెట్టు, గట్టిపడిన తోలును మెల్లగా రుద్ది తీసెయ్యి, తడి ఆరకముందే నూనె పట్టించు. ఏ ఖర్చూ లేదు. నీళ్లు, గరుకు రాయి, నూనె. బతికినంత కాలం, ఒక్క రోజు తప్పకుండా.

నొప్పి తెలియని మనుషులు క్రమశిక్షణతో చేతులను కాపాడుకుంటున్నారు. నొప్పి తెలిసిన మనం, ఆ నొప్పి పిలుస్తున్నా లేవకపోతే ఎట్లా? నొప్పి అనేది మన ఒంట్లో ఉండే కావలిమనిషి. అతను కేకేసినప్పుడు పలకండి.

రాత్రి పదిహేను నిమిషాలు

పని అంతా అయ్యాక, ఇక నీళ్లలో చెయ్యి పెట్టేది లేదు అనుకున్నాక మొదలుపెట్టండి.

1. గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పొయ్యండి. వేడినీళ్లు వద్దు, అవి ఉన్న కొవ్వునూ కరిగిస్తాయి. ఉప్పు, సబ్బు, డెటాల్ ఏమీ కలపకండి. పది నిమిషాలు చేతులు అందులో ఉంచండి.

2. మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. చెయ్యి పొడిగా కాకూడదు, చెమ్మ ఉండాలి.

3. రెండు మూడు నిమిషాల్లోపే నూనె పట్టించండి. కొబ్బరినూనె గాని నువ్వులనూనె గాని ఒక చెంచా. పొద్దుతిరుగుడు నూనె కూడా చర్మానికి మంచిదే. వేళ్ల సందులు, గోళ్ల చుట్టూ, మడతలు మరిచిపోవద్దు.

4. లోతు పగుళ్లున్న చోట పైన పెట్రోలియం జెల్లీ మందంగా పెట్టండి. తడి బయటికి పోకుండా ఆపడంలో దానికి సాటి తక్కువ.

5. పాత నూలు సాక్సులు ఉతికినవి చేతులకు తొడుక్కొని పడుకోండి. దుప్పటికి నూనె అంటదు, మందు చేతికే ఉంటుంది.

ఇంట్లోనే లేపనం చేసుకోవాలంటే తేనెమైనం తీసుకోండి. ఆరు చెంచాల నువ్వులనూనెకు ఒక చెంచా మైనం తురుము. గిన్నెను నేరుగా మంట మీద పెట్టకుండా మరుగుతున్న నీళ్ల గిన్నెలో నిలబెట్టి కరిగించండి. దించి కలుపుతూ చల్లారనిస్తే పేరిన నెయ్యిలా గట్టిపడుతుంది. ఆయుర్వేదంలో పగుళ్లకు మైనం, నూనె కలిపి వాడడం పాత పద్ధతి. చిన్న డబ్బాలో పోసి పెట్టుకుంటే ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది.

మొదటి రాత్రి కాస్త మంట ఉండొచ్చు. మూడు నాలుగు రోజులకు బిగుతు తగ్గుతుంది. అక్కడ ఆపకండి. చర్మం పై పొర పూర్తిగా కొత్తది కావడానికి సుమారు నెల పడుతుంది, అరచేతిలో ఇంకా ఎక్కువే. మానినట్టు కనిపించిన రోజు మానేస్తే పగులు మళ్లీ అక్కడే తెరుచుకుంటుంది.

పగటిపూట జాగ్రత్త

నాట్లకు వెళ్లేవాళ్లు మడిలో దిగే ముందే చేతులకు, కాళ్లకు జెల్లీ గాని చిక్కటి నూనె గాని పట్టించండి. మధ్యాహ్నం సద్ది తిన్నాక ఇంకోసారి. కొంగుకు కట్టుకున్న చిన్న డబ్బా బరువేమీ కాదు.

బీడీలు చుట్టేవాళ్లు పనిలో ఉండగా నూనె రాసుకుంటే ఆకు జారుతుంది, తంబాకు పాడవుతుంది. కాబట్టి పని అయిపోగానే మామూలు నీళ్లతో చేతులు కడిగి, తంబాకు దుమ్ము పూర్తిగా పోయాక రాసుకోండి. పగిలిన వేలికొసకు పని చేసేటప్పుడు మందులషాపులో దొరికే తెల్ల ప్లాస్టరు చుట్టండి.

గిన్నెలు, బట్టలకు రబ్బరు గ్లౌజులు, వాటి లోపల నూలు గ్లౌజులు వేసుకోవాలి. రబ్బరు ఒక్కటే వేసుకుంటే లోపల చెమట పట్టి చర్మం నాని పాడవుతుంది. చేతులు కడిగిన ప్రతిసారీ రెండు చుక్కలు నూనె. నీళ్ల బిందె పక్కనే నూనె సీసా పెట్టండి. కంటికి కనబడితేనే చేతికి అందుతుంది.

ఈ పొరపాట్లు చెయ్యకండి

నిమ్మరసం, చక్కెర కలిపి పగిలిన చేతులకు రుద్దకండి. తినే సోడా వద్దు. పులుపు మంట పుట్టిస్తుంది, చక్కెర పలుకు పగులును చీలుస్తుంది.

గ్రీజు మరకలు, రంగు మరకలు పోవాలని కిరోసిన్‌తో చేతులు కడగకండి. వంటనూనె రాసి తుడిస్తే మరకలు పోతాయి.

పగుళ్లలో నల్లజీడి రసం పెట్టడం కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉంది. చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తు వెయ్యడానికి వాడే గింజ అది. దాని రసం చర్మాన్ని కాల్చి బొబ్బలు లేపుతుంది. ముట్టుకోవద్దు. సున్నం, జిల్లేడు పాలు, కరిగించిన కొవ్వొత్తి వేడివేడిగా పొయ్యడం కూడా అంతే ప్రమాదం.

ఇక మన పసుపు. జాతీయ పసుపు బోర్డు కార్యాలయం 2025లో నిజామాబాద్‌లోనే తెరుచుకుంది. పసుపు మన జిల్లాకు గర్వం. అయినా నీళ్లలో కలిపి మందంగా పూస్తే అది ఆరి చర్మాన్ని ఇంకా లాగేస్తుంది. వాడాలనుకుంటే నూనెలో చిటికెడు చాలు. కొందరికి పసుపు పడదు, దురద వస్తే వెంటనే మానెయ్యండి.

చేతిని కాపాడుకోవడం సుకుమారం కాదు

“గ్లౌజులు వేసుకొని గిన్నెలు తోముతున్నది, పెద్ద దొరసాని!” అని ఎవరైనా అంటారని భయమా? ఈ కథ వినండి.

అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రి 1889లో మొదలైంది. అక్కడ ఆపరేషన్ గదిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు పని చేసేది. చేతులను శుద్ధి చెయ్యడానికి వాడే ఘాటైన మందు నీళ్లతో ఆమె చర్మం పాడైపోయింది. పని మానుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఒక రబ్బరు కంపెనీతో ఆమె కోసం సన్నటి గ్లౌజులు చేయించాడు. తర్వాత ఒకరిని చూసి ఒకరు తొడుక్కున్నారు. వాటివల్ల రోగి గాయం చీము పట్టడం కూడా తగ్గుతుందని తర్వాత గుర్తించారు. ఈ రోజు ప్రపంచంలో ఏ ఆపరేషనూ గ్లౌజులు లేకుండా జరగదు. దాని మూలం ఒక ఆడమనిషి పాడైన చేతులు, ఆ చేతుల బాధను తేలిగ్గా తీసుకోని ఒక మనిషి.

ఆమె తన చేతుల బాధ లోపలే దాచుకొని ఉంటే? మీ చేతుల బాధ మీ ఇంట్లో ఎవరికైనా చెప్పారా? చెప్పండి. భర్తకు చెప్పండి, కొడుక్కు, కూతురికి చెప్పండి. నెల రోజులు గిన్నెలు ఇంకొకరు తోమితే ఇల్లు ఆగిపోదు. సాయం అడగడం కూడా నేర్చుకోవాల్సిన గుణమే.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి పోవాలి

రెండు వారాలు క్రమం తప్పకుండా చేసినా తగ్గకపోతే ఇంటి వైద్యం ఆపి ఆస్పత్రికి వెళ్లండి. కింది వాటిలో ఏది కనిపించినా రెండు వారాలు కూడా ఆగొద్దు.

పగులు చుట్టూ ఎర్రబడి వాచి, చీము వచ్చినా, జ్వరం వచ్చినా. గోరుచుట్టు పదేపదే వస్తున్నా. ఒక్క చెయ్యే ఎండి, గీతల్లో తెల్లటి పొడి కనిపిస్తే తామర కావచ్చు. నీటి బొబ్బలు, భరించలేని దురద ఉంటే ఎగ్జిమా కావచ్చు. అరచేతులతో పాటు మోచేతులు, తల మీద కూడా పొట్టు లేస్తుంటే సోరియాసిస్ ఏమో చూపించుకోవాలి. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లకూ చర్మం ఎండుతుంది, వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చెయ్యి మొద్దుబారినా, స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉన్నా దాచుకోకుండా ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించండి. కుష్ఠుకు మందులు ఉచితం, తొందరగా మొదలుపెడితే నరాలు నిలుస్తాయి.

మందులషాపులో అడిగి తెచ్చుకొని స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు సొంతంగా వాడకండి. నాలుగు రోజులు తగ్గినట్టు ఉంటుంది, తర్వాత చర్మం పలచబడుతుంది, తామర ఉంటే ముదురుతుంది.

అలవాటు ఎట్లా నిలబడుతుంది?

మంచి సంగతి తెలుసుకోవడం తేలిక, నిలబెట్టుకోవడం కష్టం. ఉపాయం ఒకటే: ఇప్పటికే రోజూ తప్పకుండా చేసే పనికి దీన్ని ముడి వెయ్యండి. పాలు తోడు పెట్టగానే చేతులు నీళ్లలో పెట్టండి. సీరియల్ మొదలవగానే నూనె తియ్యండి. ఇంట్లో ఇంకొకరిని జత చేసుకోండి. అమ్మ చేతికి కూతురు రాసి, కూతురి చేతికి అమ్మ రాస్తే ఇద్దరికీ గుర్తుంటుంది. ఒక రోజు తప్పితే బాధపడకండి, రెండో రోజు తప్పకుండా చూసుకోండి.

వ్యక్తిత్వం అంటే వేదికల మీద గొప్పగా మాట్లాడడమే అనుకుంటాం. ఎవరూ చూడని రాత్రివేళ, ఎవరూ మెచ్చుకోని చిన్న పనిని మన కోసం మనం రోజూ చేసుకోగలగడం కూడా వ్యక్తిత్వమే. తనను తాను గౌరవించుకున్న మనిషిని ఇల్లు గౌరవించడం మొదలుపెడుతుంది.

ఆ పెద్దమ్మ సంచి నేనే ఇంటిదాకా మోశాను. గడపలో కూర్చోబెట్టి, గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు తెప్పించి, పది నిమిషాలు చేతులు పెట్టించాను. అద్ది, నూనె రాసేటప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. “నా చేతికి ఎవరన్న నూనె రాసి ఎన్నేండ్లాయెనో,” అంది.

ఈ రాత్రి మీ ఇంట్లో అమ్మ చెయ్యి, అత్త చెయ్యి, భార్య చెయ్యి ఒక్కసారి తిప్పి చూడండి. పగులు కనిపిస్తే నీళ్లు మీరే పెట్టండి, నూనె మీరే రాయండి. ఆ పగిలిన చెయ్యి మీదే అయితే, “మనకెందుకు” అన్న మాట ఈ రోజుతో మానెయ్యండి.